పాత కంప్యూటర్‌లో లినక్స్, అందులో సతాయించే బ్రౌజర్: మన దగ్గర తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండలో, దేవరకొండ వైపు ఊళ్లలో, అటు పాలమూరులో మా చుట్టాల ఇళ్లలో పదేళ్లు దాటిన కంప్యూటర్లకు విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి ఇస్తుంటాను. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 ఈ పాత మిషన్లను ఒప్పుకోదు. అప్పటి నుంచి అడిగేవాళ్లు ఇంకా పెరిగారు. లినక్స్ ఎక్కించిన వారం పది రోజులకు ఫోన్ వస్తుంది: "అంతా బాగుంది గానీ బ్రౌజర్ తెరిస్తే సతాయిస్తోంది." మళ్లీ మళ్లీ వచ్చిన ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

టెర్మినల్ అనే కిటికీలో కొట్టే కమాండ్ల పేర్లు తెలుగు అక్షరాల్లో రాశాను. కొట్టేటప్పుడు ఇంగ్లీష్ చిన్న అక్షరాల్లోనే కొట్టాలి. కమాండ్ లేకుండా మౌస్‌తో అయ్యే పని ఉంటే ఆ దారే చెప్పాను.

అన్నా, స్లో అయింది కంప్యూటరా, నెట్టా? ఎట్ల తెలుస్తది?

అదే వైఫైకి మీ ఫోన్ కలిపి, మొబైల్ డేటా ఆపి, అదే పేజీ తెరవండి. ఫోన్‌లో కూడా గుండ్రం తిరుగుతూనే ఉంటే కంప్యూటర్ తప్పేమీ లేదు. డిగ్రీ ప్రవేశాల దోస్త్ సీట్ల కేటాయింపు రోజు, ఇంజినీరింగ్ ప్రవేశాల ఎప్‌సెట్ కౌన్సెలింగ్ మొదలైన రోజు ఆ సైట్లు ఎవరికైనా నెమ్మదిగానే ఉంటాయి. ఆ రోజు సెట్టింగులు మార్చుకుంటూ కూర్చోకండి, రాత్రి పొద్దుపోయాక ప్రయత్నించండి.

ఫోన్‌లో వెంటనే తెరుచుకుని కంప్యూటర్‌లో తెరుచుకోకపోతే ఇంకో చిన్న పరీక్ష. పేజీ మొత్తం వచ్చేశాక పైకీ కిందికీ జరపండి. అప్పుడు కూడా ఆగి ఆగి కదిలితే కంప్యూటర్ ఆయాసపడుతోందని అర్థం. పేజీ రావడానికే సమయం పట్టి, వచ్చాక హాయిగా కదిలితే వైఫై వైపు చూడాలి. పాత ల్యాప్‌టాప్‌లలో వైఫై కార్డు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను మాత్రమే పట్టుకుంటుంది. పక్కిళ్ల రూటర్లన్నీ అక్కడే ఉంటాయి కాబట్టి అది ఇరుకైపోతుంది. రూటర్ దగ్గర్లో ఉంటే కేబుల్ పెట్టి చూడండి, సంగతి తేలిపోతుంది.

నాది 4 జీబీ ర్యామ్. నాలుగు ట్యాబ్‌లు తెరిస్తే మౌస్ కూడా కదలదు. ఎందుకు?

నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఇదే. అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

ఇప్పటి బ్రౌజర్ ఒక్క ప్రోగ్రామ్‌గా నడవదు. ఒక సైట్‌లోని లోపం ఇంకో సైట్ సమాచారం దాకా పోకుండా వేర్వేరు సైట్లను వేర్వేరు ప్రాసెస్‌లుగా నడుపుతుంది. భద్రతకు అది చాలా మంచిది. కానీ ప్రతి ప్రాసెస్‌కూ కొంత ర్యామ్, అంటే పని జరుగుతున్నంతసేపు సమాచారం పెట్టుకునే మెమరీ, కావాలి. వాట్సాప్ వెబ్, జీమెయిల్, యూట్యూబ్ లాంటివి ఒక్కొక్కటే వందల ఎంబీలు తీసుకుంటాయి.

ర్యామ్ నిండాక లినక్స్ అంతగా వాడని భాగాలను హార్డ్ డిస్క్ మీద స్వాప్ అనే చోట పెడుతుంది. మీరు ట్యాబ్ మార్చగానే అవి మళ్లీ కావాలి, డిస్క్ మీది నుంచి వెనక్కి తేవాలి. ర్యామ్ జవాబు నానోసెకన్లలో వస్తుంది. తిరిగే హార్డ్ డిస్క్ ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లి చదవడానికే పది మిల్లీసెకన్ల దాకా పడుతుంది. వేల రెట్ల కంటే ఎక్కువ తేడా. ఇంట్లో బిందెలో నీళ్లు ముంచుకోవడానికీ, ప్రతి గ్లాసుకూ ఊరి బయటి బావికి నడవడానికీ ఉన్నంత తేడా. మౌస్ కదలని ఆ రెండు నిమిషాలూ మీ కంప్యూటర్ ఆ బావికీ ఇంటికీ మధ్య తిరుగుతోంది.

మీ మిషన్‌లో జరుగుతున్నది ఇదేనా అని చూసుకోవడం తేలిక. సిస్టమ్ మానిటర్ తెరిచి పక్కన పెట్టుకుని, రోజూ తెరిచే సైట్లన్నీ ఒక్కొక్కటిగా తెరవండి. మెమరీ గీత పైకి పోయి, స్వాప్ గీత కదలడం మొదలైన క్షణానే కంప్యూటర్ మొరాయిస్తే జవాబు దొరికినట్టే. టెర్మినల్ అలవాటున్నవాళ్లు ఫ్రీ కమాండ్‌ను హైఫన్ హెచ్‌తో కొట్టి చూడవచ్చు. అందులో "ఫ్రీ" అన్న అంకె చిన్నగా కనిపిస్తే టెన్షన్ పడొద్దు. ఖాళీగా ఉన్న ర్యామ్‌ను లినక్స్ ఫైళ్ల కాష్ కోసం వాడుకుంటుంది, అవసరమైతే వెంటనే వదిలేస్తుంది. చూడాల్సింది "అవైలబుల్" అన్న చివరి గడి.

ఏ ట్యాబ్ ఎంత తింటోందో బ్రౌజరే చెబుతుంది. ఫైర్‌ఫాక్స్‌లోనూ క్రోమ్‌లోనూ షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. ఒక పట్టిక వస్తుంది. మా మేనకోడలు ల్యాప్‌టాప్‌లో అలా చూస్తే, ఆమె ఎప్పుడో తెరిచి మరిచిపోయిన ఒక షాపింగ్ పేజీ అన్నిటికంటే పైన ఉంది. అది మూశాక డిగ్రీ అప్లికేషన్ పేజీ మామూలుగా కదిలింది. అప్పటిదాకా ఆ అమ్మాయి కొత్త ల్యాప్‌టాప్ కొనాలేమో అని ఇంట్లో అడగలేక బాధపడుతోంది.

కొత్త ర్యామ్ కొనే స్థోమత ఇప్పుడు లేదు. డబ్బు పెట్టకుండా ఏమైనా చేయొచ్చా?

చేయొచ్చు. మొదటిది జడ్‌ర్యామ్. నిండబోతున్న సమాచారాన్ని డిస్క్‌కు పంపకుండా, కుదించి ర్యామ్‌లోనే ఉంచే ఏర్పాటు ఇది. కుదించడానికి ప్రాసెసర్ కొంచెం కష్టపడుతుంది గానీ డిస్క్ దగ్గరికి పోవడంతో పోలిస్తే అది ఏమీ కాదు. ఫెడోరా అనే లినక్స్ రకంలో 33వ వెర్షన్ నుంచి ఇది మామూలుగానే ఉంటుంది. ఉబుంటు, మింట్, డెబియన్ రకాలు వాడేవాళ్లు సాఫ్ట్‌వేర్ జాబితాలో "జడ్‌ర్యామ్ టూల్స్" ప్యాకేజీ వెతికి ఎక్కించుకోవాలి. దాని సెట్టింగుల ఫైల్‌లో ఎంత శాతం ర్యామ్ వాడాలో రాసే గీత ఉంటుంది. 4 జీబీ మిషన్లకు నేను 50 పెడతాను.

రెండోది ఎర్లీ ఊమ్ అనే చిన్న ప్రోగ్రామ్. ర్యామ్, స్వాప్ రెండూ పూర్తిగా అయిపోయేలోపే ఎక్కువ తింటున్న ప్రాసెస్‌ను ఇది ఆపేస్తుంది. ఒక ట్యాబ్ పోతుంది, కంప్యూటర్ మిగులుతుంది. పవర్ బటన్ పట్టి ఆపే అవస్థ తప్పుతుంది. అప్లికేషన్ ఫారం సగం నింపాక మొత్తం హ్యాంగ్ అయిన అనుభవం ఉన్నవాళ్లకు దీని విలువ తెలుస్తుంది.

మూడోది ప్రకటనలను ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రామ్. దీని గురించి కింద న్యూస్ పేజీల ప్రశ్నలో చెబుతాను.

ర్యామ్ కొందామనుకుంటున్న. షాపులో ఏమని అడగాలి?

ముందు మిషన్ వెనక మూత విప్పి ఇప్పుడున్న ర్యామ్ మీది స్టిక్కర్ ఫొటో తీసుకోండి. 2011 నుంచి 2015 మధ్య వచ్చిన ల్యాప్‌టాప్‌లలో చాలావాటిలో డీడీఆర్3 రకం ఉంటుంది. అందులోనే 1.5 వోల్టులది ఒకటి, 1.35 వోల్టులది ఒకటి. స్టిక్కర్ మీద పీసీ3 అని ఉంటే మొదటిది, పీసీ3 పక్కన ఎల్ ఉంటే రెండోది. ఎల్ రకం మామూలుగా రెండు వోల్టేజీల్లోనూ పనిచేస్తుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లు ఎల్ రకాన్ని మాత్రమే తీసుకుంటాయి, మామూలు డీడీఆర్3 పెడితే ఆన్ కూడా కావు. అందుకే అనుమానం ఉంటే ఎల్ రకమే అడగండి.

సెకండ్ హ్యాండ్ ర్యామ్ తీసుకోవడానికి నేను భయపడను. షాపులోనే పెట్టించి, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ ఒక్క రౌండ్ అయినా నడిపించి చూశాకే డబ్బులివ్వండి.

ర్యామ్ ముందు వేయించాలా, ఎస్‌ఎస్‌డీ ముందు వేయించాలా?

ఎస్‌ఎస్‌డీ అంటే తిరిగే భాగాలు లేని, వేగమైన డిస్క్. 2 జీబీ ఉంటే ర్యామ్ ముందు. 4 జీబీ ఉండి హార్డ్ డిస్క్ పాతదైతే ఎస్‌ఎస్‌డీ ముందు. ఇది నా అనుభవంలో తేలిన వరస. ఎస్‌ఎస్‌డీ వేస్తే బ్రౌజర్ తెరుచుకునే సమయం, కంప్యూటర్ ఆన్ అయ్యే సమయం రెండూ తగ్గుతాయి. స్వాప్‌కు పోవాల్సి వచ్చినా అంత నరకంగా ఉండదు. పాత ల్యాప్‌టాప్‌లో డిస్క్‌ను కలిపే సాటా కనెక్షన్ ఉంటే రెండున్నర అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ హార్డ్ డిస్క్ ఉన్న చోటే కూర్చుంటుంది. కనెక్షన్ పాత సాటా 2 అయినా ఫరవాలేదు, తేడా కళ్లకు కనిపిస్తుంది.

కొనకపోయినా ఒక పని మాత్రం ఇవాళే చేయండి. "డిస్క్స్" అనే ప్రోగ్రామ్ తెరిచి, మీ హార్డ్ డిస్క్ ఎంచుకుని, మెనూలో డిస్క్ ఆరోగ్యం చెప్పే స్మార్ట్ డేటా చూడండి. రీఎలొకేటెడ్ సెక్టార్లు (చెడిపోయి వేరే చోటికి మార్చిన డిస్క్ ముక్కలు), పెండింగ్ సెక్టార్లు (చదవలేక అనుమానంలో ఉన్న ముక్కలు) సున్నా ఉండాలి. పెండింగ్ దగ్గర అంకె ఉండి అది రోజురోజుకూ పెరుగుతుంటే బ్రౌజర్ నెమ్మది సంగతి తర్వాత, ముందు మీ ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. చెడిపోతున్న డిస్క్ ఒక్క ముక్క చదవడానికి పదే పదే ప్రయత్నిస్తుంది. బయటికి అది "బ్రౌజర్ స్లో" లాగే కనిపిస్తుంది. ఒక ఇంట్లో నేను ఈ అంకెలు చూడకుండా బ్రౌజర్ సెట్టింగులతో రెండు గంటలు గడిపాను. నెల తిరగకముందే డిస్క్ పోయింది, వాళ్ల పెళ్లి ఫొటోలు కొన్ని దొరకలేదు. అప్పటి నుంచి ఎవరి మిషన్ ముట్టుకున్నా మొదట చూసేది స్మార్ట్ డేటానే.

డిస్క్ నిండిపోయినా బ్రౌజర్ తడబడుతుంది. కనీసం నాలుగైదు జీబీలు ఖాళీ ఉంచండి.

పొద్దున బాగానే ఉంటది, మధ్యాహ్నం అయ్యేసరికి స్లో అయితది. ఇదేం విచిత్రం?

మన దగ్గర ఇది విచిత్రం కాదు. మే నెలలో నల్లగొండలో 44, 45 డిగ్రీలు చూస్తూనే ఉన్నాం. గదిలో గాలే అంత వేడిగా ఉంటే ల్యాప్‌టాప్ ఫ్యాన్ దేన్ని చల్లబరుస్తుంది? ప్రాసెసర్ 95, 100 డిగ్రీల దగ్గరికి చేరగానే కాలిపోకుండా ఉండటానికి తన వేగం తానే తగ్గించుకుంటుంది. వీడియో ఆగి ఆగి వస్తుంది, టైప్ చేసిన అక్షరం ఆలస్యంగా కనిపిస్తుంది.

ఎల్‌ఎం సెన్సర్స్ ప్యాకేజీ ఎక్కించి, టెర్మినల్‌లో సెన్సర్స్ అని కొట్టండి. ఖాళీగా ఉన్నప్పుడు ఎంత, యూట్యూబ్ నడుస్తున్నప్పుడు ఎంత, రెండూ రాసుకోండి. ఏ పనీ చేయకుండానే 70 దాటుతుంటే లోపల దుమ్ము పేరుకుందని దాదాపు ఖాయం. మిర్యాలగూడలో రైస్ మిల్లుల దగ్గరి ఇంటి నుంచి వచ్చిన ఒక ల్యాప్‌టాప్ విప్పితే, గాలి బయటికి పోయే రేకుల మధ్య ఊక దుమ్ము చాపలాగా అల్లుకుని ఉంది. దాన్ని తీసేసి, ప్రాసెసర్ వేడిని బయటికి పంపడానికి పూసే థర్మల్ పేస్ట్ మార్చగానే వేడి తగ్గింది. సాఫ్ట్‌వేర్‌లో ఒక్క మార్పు కూడా చేయలేదు.

దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కలు తిరగకుండా అగ్గిపుల్లతో ఆపి పట్టుకోండి, బ్లోయర్ వేగానికి బేరింగ్ పాడవుతుంది. బ్యాటరీ కనెక్షన్ తీశాకే చేయి పెట్టండి. విప్పడం అలవాటు లేకపోతే షాపులో చేయించండి, ఇందులో నామోషీ ఏమీ లేదు. ఇక మంచం మీద, దుప్పటి మీద పెట్టి వాడకండి. కింది నుంచి గాలి పీల్చుకునే దారి మూసుకుపోతుంది.

యూట్యూబ్ పెడితే ఫ్యాన్ హోరెత్తుతది, బొమ్మ ఆగుతది. ఫోన్‌లో మాత్రం బాగానే వస్తది.

యూట్యూబ్ ఇప్పుడు వీడియోలను వీపీ9, ఏవీ1 అనే పద్ధతుల్లో పంపుతుంది. 2011, 2012 నాటి ఇంటెల్ గ్రాఫిక్స్‌లో వీటిని విప్పే సదుపాయం లేదు. ఆ భారమంతా ప్రాసెసర్ మోస్తుంది. అయితే అదే గ్రాఫిక్స్ పాత హెచ్.264 పద్ధతిని తేలిగ్గా విప్పగలదు. హెచ్264ఇఫై అనే ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంటే యూట్యూబ్ హెచ్.264 వీడియోనే పంపుతుంది. దాంతోపాటు, గ్రాఫిక్స్ చేత వీడియో విప్పించే ఐ965 వీఏ డ్రైవర్ అనే ప్యాకేజీ ఉందో లేదో చూసుకోండి. ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్న లినక్స్ మిషన్లలో ఫైర్‌ఫాక్స్ 115 నుంచి, అంటే 2023 నుంచి, వీడియో విప్పడానికి హార్డ్‌వేర్ సాయం, అంటే గ్రాఫిక్స్ సాయం, మామూలుగానే అందుతుంది.

ఒక మెలిక ఉంది. అదే నాణ్యతకు హెచ్.264 కొంచెం ఎక్కువ డేటా తింటుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద పాఠాలు వినే పిల్లలు వీడియో నాణ్యతను 480 దగ్గర ఆపుకుంటే చాలు. బోర్డు మీది అక్షరాలు కనిపిస్తాయి, డేటా కూడా మిగులుతుంది.

ఉబుంటులో ఫైర్‌ఫాక్స్ మొదటిసారి తెరుచుకోవడానికే అర నిమిషం పడుతోంది సార్. రెండోసారి బాగానే వస్తోంది.

ఉబుంటు 22.04 నుంచి ఫైర్‌ఫాక్స్ స్నాప్ రూపంలోనే వస్తోంది. స్నాప్ అంటే కుదించిన ఒక మూట. కంప్యూటర్ ఆన్ చేసిన తర్వాత మొదటిసారి ఆ మూట విప్పి చదవాలి, హార్డ్ డిస్క్ మీద దానికే ఆలస్యం. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా తన సొంత రిపాజిటరీలో (సాఫ్ట్‌వేర్ నిల్వలో) ఉబుంటు, డెబియన్‌లకు మామూలుగా వాడే డెబ్ ప్యాకేజీ ఇస్తోంది, దాన్ని పెట్టుకోవచ్చు. లేదా లినక్స్ మింట్‌కు మారవచ్చు, అందులో ఫైర్‌ఫాక్స్ మొదటి నుంచీ డెబ్ రూపంలోనే ఉంటుంది. మార్చే ముందు బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు ఎగుమతి చేసి పెట్టుకోండి.

క్రోమ్ మంచిదా, ఫైర్‌ఫాక్స్ మంచిదా? ఇంకా తేలికైన బ్రౌజర్లు ఉన్నాయంటారు కదా?

పాత మిషన్‌కు నేను ఫైర్‌ఫాక్స్ పెడతాను. ముఖ్య కారణం యూబ్లాక్ ఆరిజిన్. క్రోమ్‌లో కొత్త ఎక్స్‌టెన్షన్ నియమాల వల్ల దాని తేలికపాటి రూపం మాత్రమే నడుస్తుంది, ఫైర్‌ఫాక్స్‌లో పూర్తిది నడుస్తుంది. క్రోమ్ తప్పనిసరి అయితే సెట్టింగులలో పెర్ఫార్మెన్స్ కింద మెమరీ సేవర్ ఆన్ చేసుకోండి.

ఫాల్కన్, గ్నోమ్ వెబ్ లాంటివి చూసినంతలో తేలికే. కానీ బరువు ఉన్నది పేజీలో. ఎందులో తెరిచినా వాట్సాప్ వెబ్ వాట్సాప్ వెబ్బే. డిల్లో నిజంగా తేలిక, కానీ అందులో జావాస్క్రిప్ట్, అంటే పేజీలను పనిచేయించే కోడ్, నడవదు. భూముల రికార్డుల భూభారతి, బ్యాంకు, స్కాలర్‌షిప్ సైట్లు ఏవీ దాంట్లో పనిచేయవు.

తెలుగు న్యూస్ పేజీలు తెరిస్తేనే ఎక్కువ సతాయిస్తది. తెలుగు అక్షరాలు బరువా?

కాదు. ఒత్తులు, గుణింతాలు అమర్చడానికి ఇంగ్లీష్ కంటే కాస్త ఎక్కువ పని ఉన్న మాట నిజమే గానీ పదేళ్ల కిందటి ప్రాసెసర్‌కు కూడా అది లెక్కలోది కాదు. బరువంతా ఆ పేజీల్లోని ప్రకటనలది, వాటంతట అవే మొదలయ్యే వీడియోలది, మన మీద కన్నేసి ఉంచే స్క్రిప్టులది. యూబ్లాక్ ఆరిజిన్ పెట్టి అదే పేజీ మళ్లీ తెరవండి. పాత మిషన్‌కు ఇంత మేలు చేసే ఉచిత సాధనం నాకు ఇంకోటి కనిపించలేదు. మీరు రోజూ చదివి, బతకాలని కోరుకునే చిన్న పత్రికల సైట్లు ఉంటే వాటి వరకు దాన్ని ఆపి ఉంచండి.

అక్షరాలకు బదులు గడులు కనిపిస్తుంటే అది వేరే సమస్య. నోటో సాన్స్ తెలుగు ఫాంట్ ఎక్కించుకుంటే పోతుంది.

అందరూ కాష్ క్లియర్ చేయమంటారు. వారానికోసారి చేయాలా?

వద్దు. ఇప్పటికే చూసిన బొమ్మలు, ఫైళ్లు మళ్లీ దించుకోకుండా ఉండటానికే కాష్ ఉంది. తుడిచేస్తే తర్వాతి రెండు రోజులు ఇంకా నెమ్మదిస్తుంది. ఏదైనా ఒక సైట్ పాత పేజీనే చూపిస్తూ మొండికేస్తే అప్పుడు తుడవండి.

కాష్ కంటే ముందు చూడాల్సింది ఎక్స్‌టెన్షన్లను. ఫైర్‌ఫాక్స్ మెనూలో హెల్ప్ కింద ట్రబుల్‌షూట్ మోడ్ ఉంది. అది ఎక్స్‌టెన్షన్లనూ హార్డ్‌వేర్ సాయాన్నీ తాత్కాలికంగా ఆపుతుంది. అందులో బ్రౌజర్ చురుగ్గా ఉంటే తప్పు ఆ రెండింటిలో ఒక దానిది. ఒక్కో ఎక్స్‌టెన్షన్ ఆపుతూ చూడండి. ఇంటర్నెట్‌లో ఎవరో చెప్పారని ఫైర్‌ఫాక్స్ లోపలి సెట్టింగుల పేజీ ఎబౌట్ కాన్ఫిగ్‌లో ఇరవై సెట్టింగులు ఒకేసారి మార్చకండి, ఏది ఏం చేసిందో మీకే తెలియకుండా పోతుంది.

మాది ఇంకా పాతది, 32 బిట్. ఏం చేయాలి?

ముందు అది నిజంగా 32 బిట్టేనా చూడండి. టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌సీపీయూ అని కొడితే ప్రాసెసర్ ఏ మోడ్‌లలో నడుస్తుందో మొదట్లోనే ఉంటుంది. 32, 64 రెండూ కనిపిస్తే ప్రాసెసర్ బాగానే ఉంది, ఎవరో 32 బిట్ లినక్స్ ఎక్కించారంతే. కోర్ 2 డుయో మిషన్లలో ఇది చాలాసార్లు చూశాను. 64 బిట్ ఎక్కించండి.

32 మాత్రమే ఉంటే, ఉదాహరణకు ఆటమ్ ఎన్270 ఉన్న చిన్న నెట్‌బుక్‌లు, నిజం చెప్పాలి. క్రోమ్ 32 బిట్ లినక్స్‌ను 2016లోనే వదిలేసింది. ఫైర్‌ఫాక్స్ 2025లో, 144వ వెర్షన్‌తో ఆపింది. అదే ఏడాది వచ్చిన డెబియన్ 13లో 32 బిట్ ఇన్‌స్టాలర్ లేదు. భద్రతా అప్‌డేట్లు రాని బ్రౌజర్‌లో బ్యాంకు లాగిన్ చేయకండి. ఆ మిషన్‌ను పిల్లలకు టైపింగ్ నేర్పడానికి, పాటలు వినడానికి వాడుకోండి.

డెస్క్‌టాప్ మారిస్తే బ్రౌజర్ వేగం పెరుగుతుందా?

4 జీబీలో పెరుగుతుంది. మెనూలు, విండోలు చూపించే డెస్క్‌టాప్‌లలో గ్నోమ్ తీసుకునే ర్యామ్ కంటే ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఎల్‌ఎక్స్‌క్యూటీ తక్కువ తీసుకుంటాయి. మిగిలిందంతా బ్రౌజర్‌కే. 8 జీబీ ఉంటే మీకు నచ్చింది వాడండి.

ఇవన్నీ చేశాను, అయినా తేడా లేదు. షాపుకు తీసుకుపోతే ఏం చెప్పాలి?

"స్లోగా ఉంది" అని మాత్రం చెప్పకండి. అలా చెబితే చాలాచోట్ల ఫార్మాట్ చేసి ఇస్తారు, నెలకు మళ్లీ అదే కథ. ఒక కాగితం మీద ఇవి రాసుకుని వెళ్లండి: ర్యామ్ ఎంత, రోజూ తెరిచే సైట్లు తెరిచాక అవైలబుల్ ఎంత మిగిలింది, స్మార్ట్ డేటాలో పెండింగ్ సెక్టార్లు ఎన్ని, ఖాళీగా ఉన్నప్పుడు వేడి ఎంత, వీడియో నడిచేటప్పుడు ఎంత, ట్రబుల్‌షూట్ మోడ్‌లో తేడా కనిపించిందా లేదా. ఛార్జర్ కూడా వెంట తీసుకుపోండి. బ్యాటరీ పూర్తిగా పోయినప్పుడో, సరిపడని ఛార్జర్ పెట్టినప్పుడో కొన్ని ల్యాప్‌టాప్‌లు ప్రాసెసర్‌ను బాగా తక్కువ వేగంలో కట్టేస్తాయి. ఇంట్లో కూర్చుని ఎంత వెతికినా ఆ సంగతి దొరకదు, అదే మోడల్‌కు సరిపోయే ఇంకో ఛార్జర్ షాపులో పెట్టి చూస్తే ఐదు నిమిషాల్లో బయటపడుతుంది.